బూట్లలోంచి తీసేసిన మెత్తలు

నా కుడికాలికి ఇప్పుడు మూడు వేళ్లే ఉన్నాయి. చిటికెన వేలు, దాని పక్కది పోయి ఏడాది దాటింది. బడిలో పిల్లలు మొదట్లో దొంగచూపులు చూసేవాళ్లు. వాళ్లకు అలవాటైపోయింది కానీ నాకే ఇంకా కాలేదు. సాక్సు తొడిగేటప్పుడు లేని వేళ్లను కూడా సర్దబోతుంటాను.

షుగర్ ఉండి కాళ్ల సంగతి పట్టించుకోనివాళ్లు మా వైపు ఏ వాడకు పోయినా కనిపిస్తారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి ఈ పూట తమ అరికాలు తిప్పి చూసుకుంటే చాలని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నా వేళ్లు పోవడానికి నా బిడ్డ తెచ్చిన బూట్లే కారణమని మా ఇంట్లో, చుట్టాల్లో దాదాపు ఏడాది పాటు అన్నారు. అది నిజం కాదని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. కాలి పుండు మానింది కానీ ఈ బాధ మానలేదు.

వానలు మొదలైనప్పుడు

మాది ఆత్మకూరు దగ్గర ఊరు. కొత్త జిల్లాలొచ్చాక కాగితాల మీద వేరే జిల్లా పేరు రాస్తున్నాం గానీ నోటికొచ్చేది పాలమూరే. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి ప్రాథమిక పాఠశాలలో పంతులునయ్యాను. గొర్రెలు ఇప్పటికీ ఉన్నాయి, నా తమ్ముడు మల్లేశ్ చూసుకుంటాడు. ఆదివారం వస్తే నేనూ కర్ర పట్టుకుని వాడి వెంట పోతాను. మనిషి బడిలో ఉంటాడు, మనసు మందలో ఉంటుంది అని నా భార్య యాదమ్మ దెప్పుతుంది.

షుగర్ వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. గోలీలు గుర్తున్నప్పుడు వేసుకునేవాణ్ని. గోళ్లు కత్తిరించుకోండి, కాళ్లు కడుక్కోండి అని రోజూ పిల్లలకు చెప్పే నేను, నా అరికాలు చూసుకుని ఎన్నేళ్లయిందో చెప్పలేను. ఆ ఎండాకాలం చివర డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు, రోజూ గంట నడవాలన్నాడు. పాత రబ్బరు చెప్పులతోనే ఊరి బయటి రోడ్డు మీద నడక మొదలుపెట్టాను.

మాకు ఒక్కతే బిడ్డ, మౌనిక. అప్పుడు పాలమూరులో హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. మొదటి రాతపరీక్ష గట్టెక్కింది, పరుగు మిగిలింది. రోజూ తెల్లారకముందే స్టేడియానికి పోయి ఉరికేది. బూట్ల గురించి తనకు తెలిసినంత మా వంశంలో ఎవరికీ తెలియదు. తొలి ఏకాదశికి ఇంటికొచ్చి నా చెప్పులు చూసి నవ్వింది.

"గీ చెప్పులతోటి గంట నడుస్తున్నవా నాయినా? మడిమెలు పోతయి. లోపల మెత్త ఉన్న బూట్లు కావాలె నీకు. మేం ఉరికేటప్పుడు ఏసుకునేటియి."

"నేనేమన్న నీలెక్క ఉరుకుతనా?"

"ఉరకకున్నా ఏసుకోవాలె. పాలమూరుకు రా, దుకాణంల తొడిగి చూసి తీసుకుందం."

నాకు బద్ధకం. బడి ఉందన్నాను. పుల్ల కొలుచుకుని పొమ్మన్నది నేనే. పట్నానికి పోలేని మనిషికి చెప్పులు తేవాలంటే మా వైపు అదే పద్ధతి. కాలు నేల మీద ఆనించి, మడమ నుంచి బొటనవేలి కొసదాకా జొన్నపుల్ల పెట్టి అక్కడికి విరుస్తారు. ఆ పుల్లను దుకాణంలో చెప్పు మీద పెట్టి చూస్తారు. మా నాయినకు బతికినన్నాళ్లూ అట్లాగే తెచ్చాం. మౌనిక ఒప్పుకోలేదు.

"పుల్లకు పొడుగే తెలుస్తది నాయినా, వెడల్పు తెల్వది."

"తాతకు సరిపోయినయి, నాకు సరిపోవా?"

చివరికి విసుక్కుంటూ పుల్ల విరిచి సంచిలో పెట్టుకుపోయింది.

రెండు వారాలకు బూట్లు వచ్చాయి. నీలం రంగు, పక్కన నారింజ గీత. యాదమ్మ చూసి పెండ్లికొడుకు బూట్లంది. పుల్లను నమ్మకుండా మౌనిక దుకాణంవాళ్లతో పోట్లాడి ముందరి భాగం వెడల్పున్నవే తెచ్చింది. నా కాలికి తనే తొడిగి, ముందు బొటనవేలితో నొక్కి చూసింది. వేలు పట్టేంత జాగా ఉంది. సరిపోయాయని దాని ముఖం వెలిగిపోయింది. నేను లేచి నాలుగడుగులు వేశాను. గొర్రెల బొచ్చు కత్తిరించిన రోజు ఆ కుప్ప మీద నడిచినట్టుంది.

"ఎట్లున్నయి?"

"మస్తు మెత్తగున్నయి."

"గట్లనే ఉండాలె," అంది.

నిజానికి ఆ బొచ్చు మీద నడిచినట్టుండడం కొన్ని నెలల ముందు నుంచే ఉంది. ఉత్త కాళ్లతో బండల మీద నడిచినా అట్లాగే ఉండేది. వయసేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు బూట్లు దొరికాయి కదా, తప్పంతా వాటి మీదికి నెట్టాను. గొర్రెల కాపరికి నేల తెలియాలి. కాలి కింద ఉన్నది బాటో, పొలం గట్టో చూడకుండా చెప్పాలి. ఈ మెత్త వల్లే నేల తెలియడం లేదని నిశ్చయించుకున్నాను. మౌనిక పాలమూరు పోయాక, వారం కూడా ఆగకుండా రెండు బూట్లలోంచి మెత్తలు పీకేశాను. కింద గట్టి అట్ట, దాని చుట్టూ కుట్టు బయటపడ్డాయి. తొడుక్కుని నడిస్తే పెద్ద తేడా లేదు. అయినా ఇప్పుడు బాగుందని నాకు నేనే చెప్పుకున్నాను. పారేయడానికి మనసొప్పక ఆ మెత్తలను ట్రంకుపెట్టెలో మా నాయిన గొంగడి కింద పెట్టాను. బిడ్డ ఫోన్ చేసి బూట్లెట్లున్నాయని అడిగితే మంచిగున్నాయన్నాను.

దసరాకు ముందు

ఒక ఆదివారం ఆ బూట్లు వేసుకునే తమ్ముడి వెంట మందతో తుమ్మచెట్ల వైపు పోయాను. ముల్లు ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. తర్వాత లెక్కేసుకుంటే ఆ రోజే దిగి ఉండాలి. సోమవారం బడికి పోయాను. మంగళవారం, బుధవారం అవే బూట్లతో గంట గంట నడిచాను. గురువారం సాయంత్రం సాక్సులు తీసి ఇంట్లోకి పోతుంటే యాదమ్మ బండల మీదికి చూసి ఆగిపోయింది.

"ఏందిది, కుంకుమ తొక్కినవా?"

నేను నడిచినంత మేరా ఎర్రటి మచ్చలు. కూర్చుని కాలు మడిచి చూస్తే చిటికెన వేలి కింద ముల్లు విరిగి ఉంది, చుట్టూ చర్మం నల్లబడింది. నాలుగు రోజులు దాని మీదే నడిచాను. చిన్నప్పుడు పల్లేరుగాయ గుచ్చుకుంటే ఊరంతా వినబడేలా ఏడ్చినవాణ్ని. నొప్పి లేనందుకు భయపడడం నా బతుకులో అదే మొదలు.

మల్లేశ్ వచ్చాడు. గొర్రెల గిట్టల్లోంచి ముళ్లు తీసి తీసి ఆరితేరిన చెయ్యి. నా కాలు ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు లాగాడు. అది బయటికి రావడం నేను కళ్లతో చూశాను, అంతే. వాడు తలెత్తి నా ముఖం చూశాడు.

"నొస్తలేదా అన్నా?"

"లేదురా."

"గొర్రెకు ముల్లు దిగితే కుంటుతది. కుంటితేనే మనకు తెలుస్తది. నువ్వు కుంటకపోతివి గదన్నా."

వాడు బూటు తిరగేసి చూశాడు. ముల్లు అడుగును చీల్చుకుని, అట్ట దాటి లోపలికి వచ్చింది. అక్కడ ఉండాల్సిన మెత్త మందం నాకు తెలుసు. ముల్లులో సగం దాంట్లోనే ఆగిపోయేది. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

అప్పుడే దవాఖానకు పోవాల్సింది. పోలేదు. గొర్రెలకు కట్టే ఆకు పసరే తమ్ముడు నా కాలికీ కట్టాడు. బతుకమ్మ రోజులు, ఇంటి నిండా చుట్టాలు, ఇంటి పెద్ద మంచం పట్టాడంటే బాగుండదని పండుగ దాటనివ్వండి అన్నాను. పండుగ మరుసటి రోజు చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పితే వచ్చిన వాసనకు యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పాలమూరు దవాఖాన

మేము పోయేసరికి మౌనిక దవాఖాన గేటు దగ్గర నిలబడి ఉంది. గ్రౌండు నుంచి నేరుగా వచ్చినట్టుంది, ట్రాకు ప్యాంటులోనే ఉంది. లోపల డాక్టరమ్మ కాలు చూసి బూట్లేవని అడిగితే మల్లేశ్ సంచిలోంచి తీసి ఇచ్చాడు.

"ఇవి ఎవరు కొన్నారు?"

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ చెప్పింది. "మా బిడ్డ తెచ్చింది మేడం. పుల్ల కొలిచి తెచ్చింది."

"షుగర్ ఉన్న మనిషి కాలును పుల్లతో కొలుస్తారా? లోపల ఇంత గట్టిగా ఉంది. కాలికి స్పర్శ లేనివాళ్లకు ఇట్లాంటివా తెచ్చేది? చదువుకున్నావు కదమ్మా?"

చెప్పాల్సింది అప్పుడే. మెత్తలు నేనే తీసేశానని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నేను పంతులును, నలుగురికి చెప్పేవాణ్ని. సొంత తెలివికి పోయి కాలు పాడు చేసుకున్నానని ఆ గదిలో అందరి ముందు చెప్పడానికి సిగ్గేసింది. తర్వాత నిదానంగా చెప్దాంలే అనుకున్నాను. మౌనిక బూట్లు తీసుకుని బయటి బెంచీ మీద కూర్చుంది. చక్రాల కుర్చీలో నన్ను తోసుకుపోతుంటే చూశాను, ఒక బూటులో చెయ్యి పెట్టి అట్లాగే కూర్చుని ఉంది. ముల్లు దిగిన చోటు తడుముతోందనుకున్నాను.

వేళ్లు తీసేయాలన్నారు. పాదం దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ మాట విన్నాక నాకు చలి ఎక్కువైంది. దవాఖాన దుప్పటి చాలక, నాయిన గొంగడి తెచ్చిపెట్టమని మౌనికనే ఇంటికి పంపాను. తను బస్సెక్కాక గుర్తొచ్చింది, దాని కింద ఏముందో. ఆ పూటంతా తలుపు వంక చూస్తూ పడుకున్నాను. సాయంత్రం గొంగడి తెచ్చి కప్పింది. ముఖంలో ఏమీ కనబడలేదు. చూసి ఉండదులే అని ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఊపిరే నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉంటుంది.

కట్లు మార్చే గది ముందు రోజూ గంటలు గంటలు కూర్చోవాలి. అక్కడ సాయమ్మ అని కొల్లాపూర్ వైపు ఆమె పరిచయమైంది. భర్తకు ఇదే జబ్బు, ఆయనకు మోకాలి కిందికి తీసేశారు. మేము కొత్తగా వచ్చి బెదిరిపోయి ఉంటే యాదమ్మకు ఏ వరుసలో నిలబడాలో, ఏ నర్సు చెయ్యి మెత్తనో అన్నీ తనే చెప్పింది. మా పళ్లెం తన నీళ్లతో కడిగి పెట్టేది. చిన్న చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకుని, భర్త రెండో అరికాలికి రోజూ పట్టి చూసేది. మూడో వారంలో ఒక పొద్దున ఆమె భర్త మంచం ఖాళీగా ఉంది. సాయమ్మ మూట కట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"గీ అద్దం నువ్వు పెట్టుకో సారూ. మా ఇంటాయనకు ఇగ పని లేదు."

చేతులు జోడించాను. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

నా రెండు వేళ్లు తీశారు, పాదం మిగిలింది. ఆ నడుమనే మౌనిక పరుగు పరీక్ష రోజు వచ్చిపోయింది. ఎందుకు పోలేదని అడిగితే, మడమ నొస్తుంది, పోయినా పాసు కానంది. నమ్మాను. నమ్మితే నాకు సులువు కాబట్టి నమ్మాను.

చూడడానికి మా పెద్దక్క వచ్చింది. మంచం పక్కన కూర్చుని మౌనికను వదిలిపెట్టలేదు.

"ఉరుకుడు, ఉరుకుడు అన్నవు. ఫ్యాషన్ బూట్లు తెచ్చి నాయిన వేళ్లు తీయించినవు. మంచిగ రబ్బరు చెప్పులేసుకుని తిరిగెటోడు నా తమ్ముడు."

మౌనిక గిన్నె కడుగుతోంది. చెయ్యి ఆగింది, మళ్లీ కడగడం మొదలుపెట్టింది. నేను గోడకేసి తిరిగి పడుకున్నాను.

ఇంటి దగ్గర

చలికాలమంతా మంచం మీదే గడిచింది. ఇంట్లో కోపాలు పెరిగాయి. యాదమ్మకు అలసట ఎక్కువై చీటికీ మాటికీ బిడ్డ మీద విరుచుకుపడేది. "నువ్వు జర సోయి పెట్టి తెచ్చుంటే" అని మొదలయ్యేది ప్రతి మాటా. మౌనిక హాస్టల్ ఖాళీ చేసి వచ్చేసింది, ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో చేరింది. రోజూ సాయంత్రం వచ్చి బకెట్లో నీళ్లు మోచేత్తో ముట్టుకుని చూసి నా కాళ్లు కడిగేది. సాయమ్మ అద్దం పట్టి వేళ్ల సందుల దాకా చూసేది. తన పరుగు బూట్లు తలుపు వెనక మేకుకు వేలాడుతుండేవి. ఎండాకాలం వచ్చేసరికి వాటి లేసుల మధ్య సాలీడు గూడు పెట్టింది. మంచం మీద నుంచి నాకు తిన్నగా అవే కనిపించేవి.

ఎన్నిసార్లు చెప్పబోయానో లెక్క లేదు. కాళ్లు కడిగేటప్పుడు చెప్దామనుకునేవాణ్ని. తను టవలుతో ఒత్తి తుడిచి, జాగ్రత్తగా కింద పెట్టేది. రేపు చెప్దామనిపించేది. రోజులు గడిచినకొద్దీ చెప్పాల్సినవి రెండయ్యాయి, మెత్తలు తీసేయడం ఒకటి, ఇన్నాళ్లు దాచడం ఒకటి. రెండోదే ఎక్కువ బరువైంది.

మళ్లీ వానలు

ఇక నడవొచ్చని డాక్టరమ్మ చెప్పింది. బూట్లు మాత్రం చూసి కొనుక్కోండి అంది. ఈసారి పుల్ల మాట ఎత్తలేదు. నేనూ మౌనికా పాలమూరు పోయాం. సాయంత్రమైతే కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయని, అప్పుడు సరిపోయిన బూటే అసలు సరిపోయిన బూటని తను పట్టుబట్టి నాలుగు దాటాకే దుకాణానికి తీసుకుపోయింది.

దుకాణంలో పెద్దాయన ఉన్నాడు. నన్ను పాత పేపరు మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీశాడు. ఎడమది అయిదు వేళ్ల పాదం, కుడిది పక్కకు కోసేసినట్టుంది. ఆయన లోపలికి పోయి ఒక జత తెచ్చాడు. లోపలి మెత్తను బయటికి తీసి ఆ గీతల మీద పెట్టి చూపించాడు. ఎక్కడా పాదం బయటికి రాలేదు. తర్వాత ఆ మెత్తను నా చేతిలో పెట్టాడు.

"వేసుకునే ముందర రోజూ లోపల చెయ్యి పెట్టి చూసుకో సారూ, రాయిగిట్ల ఉంటది. గీ మెత్త మాత్రం తియ్యకు. గట్టిగున్నదనో, మెత్తగున్నదనో కొందరు పీకేస్తరు. పాణం మీదికి తెచ్చుకుంటరు."

మౌనిక రోడ్డు వైపు చూస్తూ అంది. "మా నాయిన తియ్యడు."

రెండు బూట్లూ తొడుక్కుని దుకాణంలో అటూ ఇటూ నడవమన్నాడు. నడిచాను. బిడ్డ నా కాళ్లనే చూస్తోంది. ఆ నాలుగు అడుగులూ వేయడం ఆపరేషన్ బల్ల ఎక్కడం కన్నా కష్టమైంది. బస్సులో దారి పొడుగునా 'మా నాయిన తియ్యడు' అన్న ఆ మాటే చెవిలో ఉంది. ఈ రోజు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది.

ఇంటికి రాగానే యాదమ్మ పొయ్యి దగ్గర ఉండగా ట్రంకుపెట్టె తెరిచాను. గొంగడి ఎత్తాను. మెత్తలు అక్కడే ఉన్నాయి. నేను విడివిడిగా, దుమ్ముతోనే పడేశాను. ఇప్పుడు దుమ్ము లేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి రిబ్బనుతో కట్టి ఉన్నాయి. రిబ్బను కింద జొన్నపుల్ల ఉంది.

పెట్టె ముందు అట్లాగే కూలబడ్డాను. నాకొక్కడికే తెలుసనుకున్న సంగతి దవాఖాన మొదటి రోజు నుంచీ తనకు తెలుసు. పెద్దక్క అన్నప్పుడు తెలుసు. తల్లి తిట్టినప్పుడల్లా తెలుసు.

ఆ రాత్రి మౌనిక ఎప్పటిలాగే బకెట్టు, టవలు, అద్దం తెచ్చి నా ముందు పీట వేసుకుంది. మెత్తల కట్టను మంచం మీద తన ముందు పెట్టాను. ఒకసారి చూసింది. నా కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"నేనే తీసేసిన బిడ్డా."

"ఎరుకే."

"మరి ఎందుకు చెప్పలేదు? అందరు నిన్ను అంటుంటే ఎందుకు పడ్డవు?"

"ముందుగాల నువ్వు పాణంతోని రావాలె అనుకున్న. అందరి ముందర నువ్వు తల దించుకునుడు నాకు ఇష్టం లేకుండె." బకెట్లో నీళ్లు మోచేత్తో ముట్టుకుని చూసింది. "తర్వాత, నువ్వే చెప్తవని చూసిన నాయినా. దినాం కాళ్లు కడిగేటప్పుడు చూసిన."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. యాదమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. తనకూ వినబడేలా మొత్తం చెప్పాను. మెత్తలు పీకడం, గొంగడి కింద దాచడం, గోడకేసి తిరిగి పడుకోవడం, అన్నీ. యాదమ్మ గడప మీదే కూర్చుంది. రేపు అక్కకు కూడా ఫోన్ చేసి నేనే చెప్తానన్నాను. పరుగుకు మళ్లీ పోతావా అని మౌనికను అడిగాను.

"కాలు ఇటు తిప్పు," అంది.

తిప్పాను. తల వంచుకుని అద్దం పట్టింది. అద్దంలో నా అరికాలు కనబడుతోంది, దాని మీద ఒక చుక్క పడింది, పక్కనే ఇంకొకటి. అద్దంలో చూశాను కాబట్టి తెలిసింది.